బురుజులో ఐదో సీటు

రెండు పనులు చేయగలిగినవారు రెండింటినీ సగమే చేస్తారని లోకంలో ఒక గట్టి నమ్మకం ఉంది. దీన్ని ఒప్పుకునేవారు చాలామంది. పరీక్షించి ఒప్పుకున్నవారు అరుదు. ఇక్కడ చెప్పబోయేది అటువంటి ఒక పరీక్ష. అది కంప్యూటర్ ఆటలో జరిగింది కాబట్టి దాని విలువ తక్కువని అనుకోనవసరం లేదు. కొలవడానికి వీలైన విషయాలు జీవితంలో కంటే ఆటలోనే ఎక్కువ.

ఆ ఆటలో ఒక బురుజు ఉంది. దాన్ని ఐదుగురు కలిసి ఎక్కాలి, ఆరో మనిషికి చోటు లేదు. ముందు నిలబడి డాలు అడ్డుపెట్టి దెబ్బలన్నీ కాసేవాణ్ణి ట్యాంక్ అంటారు. వెనక నుంచి ముగ్గురు బాణాలూ ఈటెలూ వేస్తారు. ఐదోవారు అందరి గాయాలూ మాన్పే హీలర్. ఒక్కో అంతస్తులో ఒక్కో మృగం ఉంటుంది. అది పడితే పై అంతస్తు తలుపు తెరుచుకుంటుంది. నెలాఖరుకు బురుజు మూతపడుతుంది. ఆలోగా బురుజు కొన చేరనివారు మళ్ళీ అడుగు నుంచి మొదలుపెట్టాలి.

ఈ దళంలో డాలు బావది. ఆటకు బయట ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బాణాలు ఆయన భార్య అయిన అక్కవి, ఆమె ఒక బడిలో సైన్స్ ల్యాబ్ చూసుకుంటుంది. నాయకుడు లెక్కల ట్యూషన్ మాస్టారు. ఆయన తన గదిలో కూర్చుని స్పీకర్‌లో మాట్లాడతారు. నాలుగో మనిషి లైబ్రేరియన్. స్పీకర్‌లో ఆయన దగ్గు వినబడినంతగా మాట వినబడదు. ఐదో సీటు అక్క చెల్లెలిది, బావ, అక్క అన్న పిలుపులు ఆమెవే. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలను ఫ్రేములకు సరిపడా అరగదీయడం ఆమె పని. బావ ఆమెకు అద్దాలమ్మ అని పేరు పెట్టాడు. దళమంతా అలాగే పిలుస్తుంది.

అద్దాలమ్మ కూర్చున్నది హీలర్ సీటులోనే గాని ఆమె అచ్చమైన హీలర్ కాదు. ఆమె పాత్ర ‘సంధ్య’ అనే మంత్రగాళ్ళ వర్గానిది. సంధ్య నిప్పు విసరగలదు, గాయమూ మాన్పగలదు. అయితే వట్టినే మాన్పబోతే మంత్రం ఆలస్యంగా, అంతంతమాత్రంగా పడుతుంది. నిప్పు విసిరిన కొద్దీ ఆమెలో కాక పెరుగుతుంది. కాక నిండాక వేసిన మంత్రం, నిప్పు గానీ వైద్యం గానీ, రెప్పపాటులో మూడింతల బలంతో తగులుతుంది. ఆ కాకను దాచుకోవడానికి వీల్లేదు. నాలుగు ఊపిరులు తీసేసరికి చల్లారిపోతుంది. కాబట్టి తనవాడి ప్రాణం తరిగిపోతుంటే చూస్తూ కూడా ఆమె నిప్పు విసురుతూనే ఉండాలి. సరిగ్గా ఆఖరు క్షణంలో చెయ్యి మార్చాలి. సంధ్యను బాగా ఆడటమంటే ఇదే. ఆడేవారి గుండె దిటవు కంటే చూసేవారి గుండె దిటవు దీనికి ఎక్కువ కావాలి.

అద్దాలమ్మ ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. నర్సు చదువు మధ్యలో వదిలింది, బొమ్మల క్లాసు కూడా మధ్యలోనే వదిలింది. దుకాణంలో అద్దం యంత్రానికి బిగించి, అది తిరిగేలోగా ముందు గదికి వెళ్ళి ఎవరి ముక్కుకో ఫ్రేము సరిచేసి వస్తుంది. ఏదో ఒకటి పట్టుకోవే అని అక్క అనని రోజు లేదు. ఆమె అటూ ఇటూ కదలడం పనికొచ్చే చోటు ఈ భూమ్మీద ఇంతవరకు ఒకటే దొరికింది. అది ఆ ఐదో సీటు. దానికే ఇప్పుడు ముప్పు వచ్చింది.

కారణం ఆరో అంతస్తులోని రాతి ఎలుగు. ఆ గది పైకప్పు మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. అది నేలను తాకేలోగా ఎలుగును పడగొట్టాలి. వారాల తరబడి ఈ దళం ఆ గదిలో నలిగిపోతూనే ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కేబుళ్ళు చుడుతూ బావ మాట తీశాడు.

“అద్దాలమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ నా బార్ సగానికొచ్చినా నువ్వు నిప్పులు విసురుకుంటూ కూర్చుంటే నేనక్కడ నిలబడేదెలా?”

బార్ అంటే తెర మూలన ప్రాణాన్ని చూపే పచ్చగీత.

“సగం ఉంది కదా బావా. సగమంటే చావు కాదు,” అంది ఆమె.

“లిఫ్టు తాడు సగం తెగితే నువ్వెక్కుతావా?”

“నువ్వు బాగుచేసిన లిఫ్టయితే తాడు మొత్తం ఉన్నా ఎక్కను.”

అక్క నవ్వు ఆపుకుంది. బావ కూడా నవ్వాడు కాని మాట వదల్లేదు. “మా పనిలో ఒక వెల్డర్ ఉన్నాడు. అచ్చమైన హీలర్. నిప్పూ గిప్పూ ఏమీ లేదు, వైద్యమొక్కటే. ఒక్కసారి చూద్దామంటాను.”

“ఆమె మా చెల్లెలండీ,” అంది అక్క.

“చుట్టరికం సాక్ష్యం కాదమ్మా,” అన్నారు మాస్టారు స్పీకర్‌లోంచి. “అలాగని అనుమానమూ సాక్ష్యం కాదు. వచ్చే ఆదివారం ఇద్దరికీ అదే గది, అదే ఎలుగు, చెరి మూడు సార్లు. ఎలుగు పడాలి, మన ఐదుగురం నిలబడి ఉండాలి. అది చేసినవాళ్ళది సీటు. ఆ పైవారం ఏడో అంతస్తు. నెల అక్కడితో ఆఖరు.”

లైబ్రేరియన్ దగ్గారు. దాన్ని అంగీకారంగా తీసుకున్నారు.

ఆ వారమంతా అద్దాలమ్మకు చేతులు ఒకచోట నిలవలేదు. బస్సులో సీటు దొరికినా లేచి నిలబడింది. గదిలో ఫ్యాను వేసి, ఆపి, మళ్ళీ వేసింది. దుకాణంలో ఒక ముసలాయన అద్దం అంచు అరగదీస్తూ, యంత్రం హోరులో, పాత పోరాటాలన్నీ మనసులో మళ్ళీ ఆడుకుంది. చక్రం అద్దాన్ని తాకే చప్పుడు సన్నబడితే అంచు దిగుతోందని అర్థం. చూడక్కరలేదు, వింటే చాలు. విన్నది విన్నట్టే ఉంది గాని ఆమె మనసు బావ అడుగుల మీద ఉంది. ఎలుగు గట్టిగా కొట్టినప్పుడు ఆయన కదలడు. మెల్లగా కొట్టినా బార్ సగం దాటగానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ అడుగుకు ఎలుగు పక్కకు తిరుగుతుంది, అక్కా లైబ్రేరియనూ దాని పంజాకు అందుతారు. ప్రతిసారీ అంతే. ఆయన్ను కదిలించేది దెబ్బ కాదు, గీత.

“ఏమ్మాయ్, అద్దం పెట్టావా, ముక్కు పెట్టావా అందులో?” అన్నాడు దుకాణం యజమాని తలుపులోంచి.

ఆమె ఉలిక్కిపడి యంత్రం ఆపింది. అంచు కావలసినదానికంటే దిగింది. అద్దం మళ్ళీ కొత్తది కోయవలసి వచ్చింది.

ఆదివారం వెల్డర్ తన కంప్యూటరును సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం దగ్గర వరసలో పెట్టి, “నమస్తే అక్కా,” అన్నాడు. అద్దాలమ్మకు కూడా నమస్కరించి, “ఏమనుకోకండి. రమ్మంటే వచ్చాను,” అన్నాడు.

“అనుకునేదేముంది, కూర్చోండి,” అంటూ ఆమె తన కుర్చీ ఇచ్చి లేచింది. నిలబడి చూసింది, కిటికీ దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ వచ్చి చూసింది.

వెల్డర్ బాగా ఆడాడు. బావ పచ్చగీత ఏనాడూ ముప్పాతిక కిందికి దిగలేదు. బావ ముఖంలో ఆమె ఇంతకుముందు చూడని శాంతి ఉంది. కాని ఎలుగు మీద ఒక మనిషి దెబ్బలు తగ్గాయి. మూడు సార్లూ పైకప్పు దిగేసరికి ఎలుగుకు కొంత ప్రాణం మిగిలే ఉంది.

“నిండు ఆరోగ్యంతో నలిగిపోయాం,” అంది అక్క.

“హాయిగా పోయాం,” అన్నాడు బావ. “ఇప్పుడు చూడు, ఆవిడ చేతిలో ఎలా పోతామో.”

అద్దాలమ్మ కుర్చీలో కూర్చుంది. బల్ల కింద ఆమె మోకాలు ఆడటం మొదలైంది.

“ఆ కాలు ఆపవే, నా తెర ఊగుతోంది,” అంది అక్క.

మొదటిసారి ఆమె అనుకున్నదే జరిగింది. బార్ సగానికి రాగానే బావ అడుగు వెనక్కి వేశాడు. ఎలుగు తిరిగింది. అక్క పడింది, వెంటనే లైబ్రేరియన్ పడ్డారు. మిగతాది చెప్పేంత సేపు సాగలేదు.

“చూశావా?” అన్నాడు బావ.

“నువ్వు కదిలావు బావా.”

“కదలక? నువ్వు మాన్పితే కదలను.”

ఆ మాట ఆమె చేతిలో దిగింది. రెండోసారి ఆమె నిప్పు మానేసి గీత కొంచెం తరిగితే చాలు మాన్పింది. నిండుగా ఉన్న గీత మీద కూడా మాన్పింది. వైద్యమంత్రం వేసినప్పుడల్లా తెర మీద ఆకుపచ్చని వెలుగు అందరికీ కనబడుతుంది. నిజానికి ఆమె మాన్పినది బావను కాదు, గదిలో ఉన్నవారి చూపులను. నిప్పు లేదు గనక కాక లేదు, కాక లేదు గనక ఆ వైద్యంలో సత్తువ లేదు. పైకప్పు దిగేసరికి వెల్డర్ మిగిల్చినదానికి రెట్టింపు ప్రాణం ఎలుగులో మిగిలింది.

“ఇప్పుడు మీరు నిజంగానే సగం హీలర్ అయ్యారు,” అన్నారు మాస్టారు. ఆయన గొంతులో వెటకారం లేదు, కొలత చెప్పినట్టుంది. “ఇంకొక్కసారి ఉంది.”

అద్దాలమ్మ లేచి వంటగదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. గ్లాసు కడిగి, తిరిగి నింపి, తాగకుండానే పెట్టేసి వచ్చింది.

“ఒక షరతు,” అంది. “బావ బార్ బావకు కనబడకూడదు.”

“కళ్ళకు గంతలు కట్టుకోమంటావా?”

“ఎలుగును చూడు. గీతను చూడకు. అంతే.”

“చూడొచ్చు,” అన్నారు మాస్టారు. “పరీక్షలో ఒక భాగం మారుతుంది. కాని ఏది మార్చామో మనకు తెలుసు.”

బావ సంచిలో నల్ల ఇన్సులేషన్ టేపు ఎప్పుడూ ఉంటుంది. ఒక ముక్క చించి తెర మూలన అంటించారు. పోరాటం మొదలవకముందే ఆయన గోరుతో దాని అంచు లేపి చూశాడు.

“ఏం మనిషండీ మీరు,” అంది అక్క.

“అలవాటమ్మా. లిఫ్టులో కూడా నంబరు చూడకుండా నిలబడలేను.”

అప్పుడు సోఫాలో ఊరికే కూర్చున్న వెల్డర్ కుర్చీ లాక్కుని వచ్చి బావ పక్కన కూర్చున్నాడు. నిప్పురవ్వల మచ్చలతో నిండిన తన అరచేతిని తెర మూలన ఆనించాడు. “నేను పెడతాను. ఆట అయ్యేదాకా తియ్యను,” అన్నాడు. “నేను కూడా చూడను.”

మూడోసారి మొదలైంది.

ఎలుగు కొట్టింది, బావ కాశాడు. అద్దాలమ్మ నిప్పు విసిరింది. బావ గీత ఆమె తెర మీద ఆమెకు కనబడుతూనే ఉంది. సగానికి వచ్చింది, సగం దాటింది. బావ అడుగు కదల్లేదు. ఆమె మరో నిప్పు విసిరింది. గీత పాతికకు దిగాక కాక నిండింది, చెయ్యి మార్చింది. గీత ఒక్క ఊపున పైకి లేచింది. అది ఎంత దిగి లేచిందో ఇంకెవరికీ తెలియలేదు.

“ఏమైంది? ఎక్కడున్నాను నేను?” అన్నాడు బావ.

“ఎలుగు ముందున్నారు,” అంది అక్క.

“అది కాదే...”

“మాట్లాడకండి, గురి తప్పుతోంది.”

మళ్ళీ నిప్పు, మళ్ళీ కాక, మళ్ళీ మార్పు. అద్దాలమ్మ మోకాలు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. ఎలుగు పక్కకు తిరగలేదు గనక అక్క బాణాలన్నీ దాని వీపునే తగిలాయి. పైకప్పు వారి నెత్తి మీదికి వచ్చింది, ఎలుగు ప్రాణం సన్నని దారమంత మిగిలింది. అదే సమయంలో అది రెండు పంజాలూ కలిపి మోదింది, బావ గీత కూడా దారమైంది. ఆమెలో కాక నిండి ఉంది. నాలుగు ఊపిరులు. మాన్పితే బావ లేస్తాడు, పైకప్పు అందరి మీదా పడుతుంది. విసిరితే ఎలుగు పడుతుంది, దాని పంజా అప్పటికే గాలిలో ఉంది.

ఆమె విసిరింది.

ఎలుగు కూలింది. దాని పంజా కింద బావ కూలాడు. పైకప్పు ఆగింది. గది చివర, వారాల తరబడి మూసి ఉన్న తలుపు తెరుచుకుంది.

లైబ్రేరియన్ స్పీకర్‌లో, “పడింది,” అన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడిన మాట అదొక్కటే.

వెల్డర్ చెయ్యి తీశాడు. తెర మూలన ఖాళీ గీత ఉంది. బావ దాన్ని చూశాడు, కుర్చీ ఇటు తిప్పాడు.

“నేను పోతున్నానని నీకు కనబడిందా?”

“కనబడింది బావా.”

“మాన్పడానికి చేతిలో ఉందా?”

“ఉంది.”

“మరి?”

“నీకంటే ఎలుగుకు తక్కువ మిగిలింది.”

అక్క ఇద్దరినీ చూసింది. “తలుపు తెరుచుకుంది కదండీ. ఆట అయిపోగానే మీరు లేచి కూర్చుంటారు. ఇదేమైనా నిజం చావా?”

“నాకు తెలుసులేవే,” అన్నాడు బావ.

మాస్టారు పద్ధతి వదలలేదు. ఏది మార్చారో అది అవతలి వైపు కూడా మార్చి చూడాలన్నారు. ఆట ఒకసారి గెలిచిన గదిలోకి కూడా మళ్ళీ రానిస్తుంది. ఈసారి వెల్డర్ ఆడాడు. అద్దాలమ్మ బావ పక్కన కూర్చుని తన అరచేతిని తెర మూలన ఆనించింది. అద్దాల పొడి తెల్లగా ఇరుక్కున్న గోళ్ళు అవి. బావ కదలకుండా నిలబడ్డాడు. ఎలుగు తిరగలేదు. అయినా పైకప్పు దిగేసరికి దాని ప్రాణం కొంచెం మిగిలింది. ఐదుగురూ నిండు గీతలతో నలిగిపోయారు.

“నియమం ప్రకారం ఇద్దరూ నెగ్గలేదు,” అన్నారు మాస్టారు. “ఈయన చేతిలో ఎలుగు పడలేదు. ఆవిడ చేతిలో పడింది గాని ఐదుగురం నిలబడలేదు. మిగిలింది ఇష్టం. దెబ్బలు తినేది మీరు గనక మీరే చెప్పండి.”

బావ టేపు చుట్టను వేలికి తగిలించి తిప్పాడు.

“నువ్వు చేసింది తప్పు కాదమ్మాయ్,” అన్నాడు. ఆమెను అద్దాలమ్మా అని కాక అమ్మాయ్ అని పిలవడం అదే మొదటిసారి. “లెక్క వేస్తే నేనూ అదే చేస్తాను. కానీ ఏడో అంతస్తులో నేను ముందు నిలబడాలి. వెనకున్న మనిషి నా గీతనూ దాని గీతనూ పక్కపక్కన పెట్టి చూస్తోందని తెలిశాక నా కాలు నిలవదు. చెయ్యి అడ్డం పెట్టినా నిలవదు.”

“తెలియకముందు నిలిచింది కదా బావా.”

“అప్పుడు తెలియదు.”

“కావాలంటే నేను తప్పుకుంటాను, అన్నా,” అన్నాడు వెల్డర్, కేబులు చుట్టబోతూ.

“నువ్వుండు,” అన్నాడు బావ.

అక్క లేచి వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కావలసినదానికంటే ఎక్కువగా వినిపించింది. అద్దాలమ్మ తన ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టింది. ఛార్జరు మరిచిపోయి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి తీసుకుంది. మెట్ల మీద ఆమె అడుగులు దిగి, ఆగి, మళ్ళీ దిగాయి.

ఆ వారంలో బావ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి ఆమె యంత్రం దగ్గర ఉంది. రెండోసారి మాట్లాడింది, కొత్త కళ్ళజోడు గురించి అడిగాడు, దుకాణానికి రమ్మంది. సీటు మాట ఇద్దరూ ఎత్తలేదు.

నెలలో ఆఖరి ఆదివారం బావ, అక్క, మాస్టారు, లైబ్రేరియన్, వెల్డర్ ఏడో అంతస్తులోకి వెళ్ళారు. అక్కడి మృగం ఎలుగు కంటే పెద్దది. పైకప్పు అదే వేగంతో దిగుతుంది. బురుజు మూతపడేదాకా వారు తొమ్మిది సార్లు ప్రయత్నించారు. పైకప్పు తాకేదాకా ఒక్కసారీ వారిలో ఎవరూ పడలేదు. మృగమూ పడలేదు.